నీళ్ళలో నిలబడ్డ మావయ్యగారు

మొన్నీమధ్య మా సంఘంలో బాప్తిస్మాల కోసం తొట్టె కట్టేరు. మందిరం లోపలే, ప్రసంగ వేదిక పక్కన. నీలం రంగు టైల్సు, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ. చలికాలంలో ఇబ్బంది పడతారని గీజరు కూడా పెట్టించేరు. పాపాలు గోరువెచ్చటి నీళ్ళలో కడుక్కునే రోజులొచ్చేయన్నమాట. ప్రతిష్ఠ రోజున పాస్టరుగారు నన్ను పిలిచి, "టీచరుగారూ, ఇంకేమైనా తక్కువైందంటారా?" అని అడిగేరు. "అన్నీ ఉన్నాయండి. గెడ పట్టుకునే మనిషే లేడు" అన్నాను. పక్కనున్న కుర్రకారు నా మొహంలోకి వింతగా చూసేరు. పాస్టరుగారు మాత్రం పగలబడి నవ్వేరు. నవ్వరా మరి? ఆ గెడ మనిషితో కలిసి కాలవలో బుడుంగున ములిగింది ఈయనే కదా.

ఆ గెడ మనిషి మా మేనత్త భర్త. ఊళ్ళో పెద్దాచిన్నా అందరికీ మావయ్యగారే. ఆయన పేరుతో ఎవరికీ పని పడలేదు, నాకూ ఇప్పుడు పడదు.

ముక్తేశ్వరం దగ్గర మా ఊరు. మాది ముంచుడు బాప్తిస్మం. పసిపిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించి పేరెట్టేసే సంఘాలు ఉన్నాయి. వాళ్ళని మేం నోటితో ఏమీ అనం, మొహంతోనే అనేస్తాం. మా లెక్కలో క్రైస్తవుల ఇంట్లో పుట్టినంత మాత్రాన ఎవడూ క్రైస్తవుడైపోడు. బుద్ధెరిగేక తన పాపం తను ఒప్పుకోవాలి, ప్రభువుని నమ్మేనని నలుగురిలో సాక్ష్యం చెప్పాలి, అప్పుడు నిండా ములగాలి. నడినెత్తిన ఇంత పొడి కనిపించినా మా పెద్దలు ఊరుకోరు, మళ్ళీ ముంచమంటారు.

ఆ ముంచడమేదో కాలవ రేవులో. కాలవంటే మాటలా? ఓ పక్క బురద, ఓ పక్క గుర్రపుడెక్క, అడుగున ఎక్కడ గొయ్యి ఉందో తెలీదు. అందుకని అందరికంటే ముందు మావయ్యగారు దిగేవారు. లుంగీ పైకి ఎగ్గట్టి, ఆర్పేసిన చుట్ట చెవి మీద పెట్టుకుని, వెదురు గెడతో అడుగు పొడుచుకుంటూ వెళ్ళి, "ఇక్కడ మొలలోతండీ. ఇంకో అడుగు అవతలికేస్తే తిన్నగా పరలోకవే" అని కేకేసేవారు. గెడ అక్కడ పాతేసి, దానికి కాస్త దిగువన చేతులు బారజాపి నిలబడేవారు. ములిగి లేచిన వాళ్ళు కాలుజారితే ఆయన చేతుల్లోకే వచ్చి పడాలి. మా ఊరి విశ్వాసుల్ని పాపంలోంచి లాగింది దేవుడే గానీ, కాలవలోంచి లాగింది మావయ్యగారు.

ఇంతకీ అసలు సంగతి, ఆయనకి బాప్తిస్మం లేదు. మా ఊళ్ళో బాప్తిస్మం అన్నది జరిగిందంటే ఆయన నీళ్ళలో ఉండాల్సిందే. అయినా మొల దాకానే తడిసేరు, తల తడవలేదు.

అలాగని ఏ దిక్కూ లేని మనిషా అంటే, ఆయన పెళ్ళాం బైబిలు స్త్రీ. అంటే మా అత్తయ్య. తెల్లచీర, నల్లగొడుగు, భుజానికి గుడ్డసంచీ. పొద్దున్నే కొత్తపేట బస్సెక్కి పలివెల దాకా ఊళ్ళన్నీ తిరిగి, ఇంటింటికీ ఆడవాళ్ళకి సువార్త చెప్పి వచ్చేది. ఎంత మొండివాళ్ళైనా ఆవిడ రెండుసార్లు అరుగు మీద కూర్చుందంటే మూడోసారి మంచినీళ్ళిచ్చి వినేవారు. మా రేవులో ములిగిన వాళ్ళలో సగంమంది ఆవిడ తీసుకొచ్చిన వాళ్ళే. ఇంత లోకాన్ని తిప్పిన మనిషికి ఇంట్లో మనిషి తిరగలేదు.

ఆదివారం వచ్చిందంటే మావయ్యగారు అత్తయ్యని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని మందిరానికి తెచ్చేవారు. ఆవిడ దిగి, చీర సవరించుకుని, ముసుగేసుకుని, "లోపలికి రాకూడదా ఏవండీ" అనేది. "ఆయ్, చూద్దారండీ" అనేవారాయన. అనేసి సైకిలు గోడకానించి, కిటికీ కింద అరుగు మీద కూర్చునేవారు. వానొస్తే గొడుగేసుకుని కూర్చునేవారు గానీ గుమ్మం దాటేవారు కాదు. పోనీ వినరా అంటే, లోపల కూర్చుని కునికే వాళ్ళకంటే ఆయనే బాగా వినేవారు. ప్రసంగీకుడు వాక్యం దొరక్క బైబిలు అటూ ఇటూ తిప్పుతుంటే కిటికీలోంచి గొంతొచ్చేది, "ఆ పై అధ్యాయవండీ" అని. మేమంతా ముసుగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునే వాళ్ళం.

బయటి ఊళ్ళనించి వచ్చే సువార్తికులకి ఆయనంటే పంతం. ఒకాయన రాజమండ్రి నించి వచ్చి, ఈ ఒక్క ఆత్మనీ పట్టకుండా గోదావరి దాటనన్నాడు. అత్తయ్యావాళ్ళింట్లోనే దిగేడు. మావయ్యగారు ఆయనకి పొద్దున్న పెసరట్టు, మధ్యాహ్నం రొయ్యలు, సాయంత్రం కొబ్బరి బొండాం, అలా మర్యాదలు చేసేసేరు. ఆయన నరకం గురించి చెప్తుంటే విసనకర్ర అందించేవారు. అంతా విని, కళ్ళు తుడుచుకుని, "మా బాగా చెప్పేరండీ. ఆయ్, చూద్దారండీ" అన్నారు. వెళ్ళేటప్పుడు ఆ సువార్తికుడు మూడు గెలల అరటిపళ్ళు పట్టుకెళ్ళేడు గానీ ఆత్మని పట్టుకెళ్ళలేకపోయేడు.

ఏటా మా సంఘం పుట్టినరోజు చేసుకుంటాం. పూర్వం ఎవరో దొరగారు పడవేసుకుని కాలవెంట వచ్చి, మా ఊరి రేవులో దిగి, మొదటిసారి సువార్త చెప్పేరట. పంట చేలో కూలికెళ్ళే మా ముత్తాతలకి అక్షరాలు నేర్పేరట. అందులో అబద్ధం లేదు, ఈ రోజు నేను బళ్ళో చాక్‌పీసు పట్టుకున్నానంటే ఆ చలవే. కానీ మా పెద్దలు చెప్పగా చెప్పగా ఏడాదికేడాదికి ఆ ప్రయాణం కష్టాలు పెరిగిపోయేవి. దొరగారి జ్వరం పెరిగేది, గాలివాన పెరిగేది, మొసళ్ళు పెరిగేవి. సంఘ పెద్ద రిటైర్డు హెడ్మాస్టరుగారు ఒకసారి, "రెండు మొసళ్ళు పడవని చుట్టుముట్టేయి" అనేసరికి కిటికీలోంచి, "నిరుడు ఒకటేనండీ" అని వినబడింది. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి కిటికీకేసి చూసి, "అది పిల్లని పెట్టుంటుంది" అని ముందుకెళ్ళిపోయేరు.

ఆ మాటనే హక్కు ఆయనకుంది లెండి. దొరగారి పడవకి గెడ వేసింది మావయ్యగారి ముత్తాతే. దొరగారు ఒడ్డున ప్రసంగం చెప్పి, ఊరందర్నీ ముంచుతుంటే ఆ ముత్తాత మాత్రం పడవ కొట్టుకుపోకుండా పట్టుకుని ఉండిపోయేడట. "అందరూ ఒడ్డెక్కి పాటలు పాడుతుంటే పడవ ఎవడు చూస్తాడమ్మా? మా వంశంలో ఒకడు పడవ దగ్గరుండాలి" అనేవారు మావయ్యగారు. ఆ ముత్తాత పెళ్ళాం మాత్రం ఆ రోజే ములిగిందట. వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఒడ్డునా, మగవాళ్ళు నీళ్ళలోనూ ఉండడం అప్పట్నించీ వస్తోంది.

నా బాప్తిస్మం నేను అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు. నీళ్ళలోకి దిగేసరికి నాకు భయమేసింది. నా ముందు ఇద్దరున్నారు. గెడ పట్టుకుని నిలబడి నా వంతు కోసం చూస్తున్నాను. మావయ్యగారు నా మొహం చూసి, "భయం లేదమ్మాయ్, ముక్కు మూసుకుని నోరు మూసుకో. దేవుడు నీ మనసు చూసుకుంటాడు, నీ ఊపిరి నేను చూసుకుంటాను" అన్నారు. నవ్వొచ్చి భయం తగ్గింది. ఆ ధైర్యంతో అడిగేసేను, "మీరెందుకు తీసుకోరు మావయ్యగారూ?" అని.

ఆయన చెవి మీది చుట్ట సర్దుకుని, "ములిగితే మనిషి మారాలి కదమ్మా. నేనింకా మారలేదు. ఈ చుట్ట మానలేను, కొత్తపేటలో సినిమా మారితే కాలు నిలవదు. మారకుండా ములిగేసేననుకో, దేవుడు క్షమిస్తాడేమో గానీ మీ అత్తయ్య ఊరుకోదు" అన్నారు.

వేళాకోళంగానే అన్నారు గానీ అది వేళాకోళం కాదు. మధ్యమధ్యలో చుట్ట మానేసేవారు. నాలుగు రోజులు ఇంట్లో చిందులు తొక్కేవారు, కూరలో ఉప్పెక్కువైందని, కోడి ముందే కూసిందని. అయిదో రోజు పెరట్లో పాక వెనక పొగ లేచేది. అది కూడా దాచుకోవడం చేతకాదు. దగ్గుకుంటూ తిన్నగా అత్తయ్య దగ్గరికొచ్చి, "ఇదిగో, కాల్చేసేను" అని ఒప్పేసుకునేవారు. ఆవిడ నెత్తి కొట్టుకునేది.

అత్తయ్య బాధ ఇంకోటి. మా సంఘానికి కాలవ గట్టున సమాధుల దొడ్డి ఉంది, చుట్టూ గోడ. బాప్తిస్మం ఉన్నవాళ్ళకే గోడ లోపల చోటు. లేని వాళ్ళని గోడ అవతల కాలవ వైపు పెడతారు. అదెప్పటి రూలో, ఎవరూ మార్చలేదు. "ఊళ్ళన్నీ తిరిగి అందర్నీ దేవుడి దగ్గర చేర్చేనే, చివరాఖరికి నేను గోడకిటూ ఈయన గోడకటూనా?" అని మా అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చేది. అలా ఏడ్చినప్పుడు ఆవిడ బైబిలు స్త్రీలా ఉండేది కాదు, మామూలు ఆడమనిషిలా ఉండేది. నాకు మావయ్యగారి మీద ఒళ్ళు మండిపోయేది.

ఇదిలా ఉండగా పాత పాస్టరుగారు పోయి, ఈ పాస్టరుగారు వచ్చేరు. అప్పుడు కుర్రాడు. హైదరాబాదులో బైబిలు కాలేజీ చదువు, తొట్లో ముంచడమే తప్ప కాలవ ఎరగడు. ఎండాకాలమంతా కట్టేసిన కాలవకి అప్పుడే లాకులెత్తేరు. కొత్తనీరు ఎర్రగా, వడిగా వస్తోంది. "నాలుగు రోజులు ఆగుదారండీ" అన్నారు మావయ్యగారు. "ప్రభువు కార్యం ఆపకూడదండి" అన్నారు పాస్టరుగారు. ములగాల్సిన మనిషి ఆర్టీసీ కండక్టరు, మంచి భారీ విగ్రహం.

పాస్టరుగారు చెయ్యెత్తి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేర పలకాల్సిన మాటలన్నీ పలికి, కండక్టరుని వెనక్కి వాల్చేరు. వాల్చేక ఆ బరువు ఆయన ఆపలేకపోయేరు. కాలి కింద మట్టి జారింది. కండక్టరు పాస్టరుగారి మీద, పాస్టరుగారు మావయ్యగారి మీద, మావయ్యగారు గెడ మీద. గెడ పుటుక్కున విరిగింది. ముగ్గురూ కనబడలేదు.

ఒడ్డున పాట ఆగిపోయింది. ముందు కండక్టరు లేచి "స్తోత్రం" అన్నాడు. ఆ తర్వాత మావయ్యగారు లేచేరు, నెత్తిన ఇంత గుర్రపుడెక్క, చంకలో పాస్టరుగారు. పాస్టరుగారి రెండు చేతులూ మావయ్యగారి తలని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఒడ్డు మీద ఎవరో ముసలావిడ, "ఓలమ్మో, మావయ్యగారు ములిగిపోయేరు" అంది. అందరం అత్తయ్య వంక చూసేం. ఆవిడ గొడుగు కింద పడేసి, రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఆ ఆదివారం ఆరాధనయ్యేక పెద్దలు కూర్చున్నారు, మావయ్యగారికి బాప్తిస్మం అయినట్టా కానట్టా అని. ఊరంతా అక్కడే ఉంది. హెడ్మాస్టరుగారు లెక్కల మేష్టారు, దాన్ని లెక్కలాగే పట్టేరు. "పలకాల్సిన పేర్లు పలికేరా?" "పలికేనండి, కండక్టరుగారి కోసం" అన్నారు పాస్టరుగారు. "మీ చెయ్యి ఈయన తల మీద ఉందా?" "ఉందండి. ప్రాణభయంతో పట్టుకున్నాను." "ఎందుకు పట్టుకున్నారని అడగలేదు, ఉందా లేదా?" "ఉందండి." "నిండా ములిగేరా?" జనమంతా ఒకే గొంతుతో "ఆయ్" అన్నారు. "అయితే ఇంకేం కావాలి?" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. అత్తయ్య చాకిరీకి సంఘం ఇవ్వగలిగింది అదొక్కటే అని అందరికీ ఉంది.

కిటికీకేసి తిరిగి, "మీరేమంటారండీ?" అని అడిగేరు.

"ఆవిడ ఎలాగంటే అలాగేనండీ. తడవడం మటుకు బాగానే తడిసేను" అన్నారు మావయ్యగారు, అరుగు మీంచే.

అప్పుడు అత్తయ్య లేచింది. మా సంఘంలో పెద్దల కూటంలో ఆడవాళ్ళు మాట్లాడరు. ఆవిడ ముసుగు సవరించుకుని, ఎవర్నీ అడక్కుండానే మాట్లాడింది.

"నీళ్ళలో ములిగితే రక్షణ వచ్చేస్తే మన కాలవలో గేదెలన్నీ ఈ పాటికి సంఘ సభ్యులైపోవాలండి. ఈయన నోటితో ఒప్పుకోలేదు, సాక్ష్యం చెప్పలేదు. కాలుజారి పడ్డారు. నేను ఇన్నేళ్ళు ఊళ్ళు తిరిగి జనానికి ఏం చెప్పేను? నీళ్ళు కాదమ్మా, మనసు అని చెప్పేను. ఇప్పుడు నా మొగుడి దాకా వచ్చేసరికి నీళ్ళు చాల్లే అని సర్దుకోమంటారా? నాకొద్దండి" అంది. అని కూర్చుని, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. కోరుకున్నది చేతికొచ్చేక వదులుకోవడం ఎంత కష్టమో అప్పుడు చూసేను. నాక్కూడా ఏడుపొచ్చేసింది.

ఇంటికెళ్ళేటప్పుడు మావయ్యగారు సైకిలు ఎక్కలేదు. ఆవిడని వెనక కూర్చోబెట్టి నడిపించుకుంటూ వెళ్ళేరు. నేనూ వాళ్ళతో నడిచేను. చాలా దూరం వెళ్ళేక, "ఇదిగో, నేను సరే అనేసేవాణ్ణే" అన్నారు. "అనేస్తారని తెలిసే లేచేను" అంది ఆవిడ.

మర్నాడు లాకుల దగ్గర టీకొట్లో మావయ్యగారి హడావుడి చూడాలి. "హెడ్మాస్టరంతటాయన నన్ను లోపలికి లాగేస్తే మా ఆవిడ బయటికి తోసేసిందండీ. అదీ విశ్వాసవంటే" అని వచ్చినవాడికల్లా చెప్పుకున్నారు. సాక్ష్యం చెప్పడం ఆయనకి బాగానే వచ్చు. కాకపోతే అది పెళ్ళాం గురించి.

కొన్నేళ్ళు గడిచేయి. కొత్త గెడ వచ్చింది, ఆయనా అలాగే నీళ్ళలో నిలబడ్డారు. నేను ఉద్యోగంలో చేరేను. ఓ వానాకాలం మావయ్యగారికి గుండెల్లో నొప్పొస్తే అమలాపురం ఆసుపత్రిలో చేర్చేం. పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చుని, "ప్రభువుని నమ్ముతున్నారా?" అని అడిగేరు.

"నమ్మకపోవడమేంటండీ, ఎప్పుడూ నమ్మేను. మారడం దగ్గరే చిక్కొచ్చింది" అన్నారాయన.

"మీరు మారి ఆయన దగ్గరికి రావడం కాదండి. మీరు వస్తే ఆయన మారుస్తాడు" అన్నారు పాస్టరుగారు.

మావయ్యగారు అత్తయ్యకేసి చూసేరు. "ఈ ముక్కే మా ఆవిడ పెళ్ళైన కాణ్ణించీ చెప్తోందండీ. పెళ్ళాం ఊరికే మొహమాటానికి అంటోందనుకున్నాను. అయితే కాలవలో నీళ్ళున్నాయి కదా, ఇంటికెళ్ళేక కానిచ్చేద్దారి" అన్నారు. చూద్దారండీ అనకపోవడం నేను వినడం అదే మొదలు. అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇంటికి పంపిస్తామన్న రోజు పొద్దున్నే ఆయన పోయేరు.

శవాన్ని మందిరం ముందు దించేరు. పెద్దలు మళ్ళీ కూర్చోవాల్సి వచ్చింది. హెడ్మాస్టరుగారు బాగా ముసలివారైపోయేరు, చేతికర్ర మీద గడ్డం ఆనించి, "అప్పుడు ములిగేడు, ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకున్నాడు, ములగలేదు. రెండూ కలిపితే ఒకటి అవుతుంది కదమ్మా" అన్నారు అత్తయ్యతో. అంత ఏడుపులోనూ జనంలో సన్నగా నవ్వు లేచింది. మావయ్యగారు ఉంటే ఆయనే ముందు నవ్వేవారు.

అత్తయ్య నవ్వలేదు, ఏడవనూలేదు. "కలుపుకుంటే దేవుడు కలుపుకుంటాడండి, ఆయనకి ఆ హక్కుంది. మనం కలపొద్దు. ఈయన్ని గోడ అవతలే పెట్టండి" అంది.

పాస్టరుగారు ఏదో అనబోయేరు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. "పక్కన ఇంకొకళ్ళకి చోటు వదిలి తవ్వించండి. రేపు నన్నూ అక్కడే పెట్టాలి."

"మీరు బైబిలు స్త్రీ. లోపల మీకు ముందు వరసలో చోటుందమ్మా" అన్నారు పాస్టరుగారు.

"నా పరలోకం ఎక్కడికీ పోదండి, అది ప్రభువు ఇచ్చింది. ఈ ఒళ్ళు ఎక్కడుంటే ఏం? ఈయనకి ఒక్కరే పడుకోవడం అలవాటు లేదు" అంది అత్తయ్య.

బాప్తిస్మం ఉన్న మనిషిని గోడ బయట పెట్టకూడదని రూలెక్కడా లేదు. అలా అడిగే మనిషి ఉంటుందని ఎవరూ అనుకోలేదు మరి. ఆవిడ పోయేక అక్కడే పెట్టేం.